నాలుగు శ్రుతి నుంచి రెండు శ్రుతికి: మా బృందంలో గొంతులు మారిన తీరు

1971 సెప్టెంబరు 12, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలకు, మదనపల్లెలో మిషన్ పాఠశాల వెనకనున్న పొడుగాటి గదిలో మేఘస్తంభం గాయక బృందం మొదటిసారి నోరు విప్పింది. నాలుగు గంటలకే మొదలు కావలసింది. బేస్ గొంతు పాడవలసిన గంగులప్ప బస్సు కండక్టరు. కురబలకోట దగ్గర గొర్రెల మంద రోడ్డు దాటుతూ ఉండటంతో ఆయన బస్సు నిలిచిపోయింది. ఆలస్యానికి కారణం అడిగి రాసుకునే అలవాటు నాకు ఆనాటికే ఉంది.

నేను ఆ బృందానికి శిక్షకుణ్ణి, హార్మోనియం వాయించేవాణ్ణి. 1989లో మానుకునేదాకా నా ఉద్యోగం అదే. సువార్త సభల కమిటీ జీతమిచ్చేది. ఆ జీతం ఎప్పుడు పెరిగింది, ఎంత పెరిగింది అన్న సంగతులు ఇక్కడ రాయను. అవి ఎవరికీ పనికిరావు. ఇప్పుడు కొత్తగా గాయక బృందాలను నడపబోయేవారికి స్వరం నేర్పేవారు చాలామంది దొరుకుతారు. ఒక మనిషిని దించి మరొక మనిషిని నిలబెట్టడం ఎలాగో నేర్పేవారు దొరకరు. ఈ పనిలో సగం అదే గనుక, నాకు తెలిసినంత రాస్తున్నాను.

నలుగురి పని

మాది నాలుగు గొంతుల బృందం. మొదటి గొంతు పాట ఎత్తుతుంది. రెండోది, మూడోది దానికి ఆసరాగా నడుస్తాయి. బేస్, అంటే అన్నిటికంటే కింది గొంతు, నేలలాగా ఉంటుంది. జనానికి తెలిసేది మొదటి గొంతు ఒక్కటే. బేస్ లేనప్పుడు మాత్రం ఏదో పోయిందని తెలుస్తుంది, ఏది పోయిందో తెలియదు. నడిమి రెండు గొంతులూ ఎవరికీ వినపడవు. పద్దెనిమిదేళ్ళలో ఆ రెండు స్థానాల్లో తొమ్మిది మంది మారారు. ఒకరికి అనంతపురంలో బ్యాంకు ఉద్యోగం వచ్చింది, ఒకరికి పెండ్లయింది, ఒకరికి పాటంటే మొదటినుంచీ ఇష్టం లేదని నాలుగో ఏట తెలిసింది. సభలకు వచ్చినవారిలో ఒక్కరు కూడా ఈ మార్పులను గమనించలేదు. నడిమి గొంతుకు ఇంతకంటే పెద్ద యోగ్యతాపత్రం లేదని నా అభిప్రాయం.

మొదటి గొంతు దేవదానానిది. ఆయన మిషన్ ఆస్పత్రిలో కాంపౌండరు, నాకంటే ఏడేళ్ళు పెద్ద. "రాతినేల మీద వాన కురిపించిన దేవా" అనే పాటను ఆయనే కట్టాడు. అందులో "వాన" అనే మాట దగ్గర గొంతు ఒక్కసారిగా పై గాంధారానికి ఎగసి అక్కడే నిలవాలి. మాది మెట్టనేల. సోమల నుంచి, పుంగనూరు చుట్టుపక్కల నుంచి వచ్చే రైతుల్లో సగానికి పైగా హిందువులు. వాళ్ళు ప్రసంగం మొదలయ్యేసరికి లేచి పోయేవారు గాని, ఆ పాట అయ్యేదాకా కదిలేవారు కారు. చెనిక్కాయ పైరు ఎండిన ఏడాది ఆ మాట దగ్గర దేవదానం గొంతు నిలిచినంతసేపూ పందిట్లో ఒక్కరు దగ్గడం కూడా నేను వినలేదు.

వెనక నిలబడటం

1973లో సోమలలో కొత్తగా చేరిన రెండో గొంతు పాట నడుమ దారి తప్పి మొదటి గొంతు వెంట పోయాడు. బృందం మూడు గొంతులతో పాట ముగించింది. ఆ రాత్రి దేవదానం ఒక నియమం చెప్పాడు, అది బృందంలో ఆచారమైంది. తప్పుకునే మనిషి మూడు సభల్లో కొత్త మనిషి వెనక నిలబడాలి. మొదటి సభలో మెల్లగా కలిసి పాడాలి. రెండో సభలో నోరు తెరవకుండా కూనిరాగం తీయాలి. మూడో సభలో ఏ శబ్దమూ చేయకుండా ఊరికే నిలబడాలి. మూడోదే కష్టమని, దాన్ని చేసినవాడే నిజంగా తప్పుకున్నట్టని ఆయన అనేవాడు.

వేడుకగా వీడ్కోలు సభ పెట్టి శాలువా కప్పి పంపడం కంటే ఇది మేలైన పద్ధతి. శాలువా కప్పించుకున్నవాడు మరుసటి వారం మళ్ళీ వచ్చి ముందు వరుసలో కూర్చుని తల అడ్డంగా ఊపుతాడు. మూడుసార్లు వెనక నిలబడినవాడు అలా ఊపడు.

అధ్యక్షులవారు

కమిటీ అధ్యక్షులు ప్రకాశం అయ్యగారు. పందిరికి స్థలం సంపాదించడంలో, కరెంటు ఇప్పించడంలో, పోలీసులతో మాట్లాడటంలో ఆయనకు సాటి లేరు. సంగీతం మాత్రం ఆయన చెవికి ఎక్కేది కాదు. నలుగురూ పాడుతున్నారా ముగ్గురేనా అన్నది ఆయన చూసి చెప్పేవారు. దేవదానం పేరు అచ్చు వేయిస్తే జనం వస్తారని మాత్రం ఆయనకు తెలుసు. అందుచేత మా నోటీసుల్లో ప్రసంగీకుని పేరు కంటే పెద్ద అక్షరాలతో "దేవదానం పాడును" అని ఉండేది. ఇలాంటి అధికారిని మీరు తక్కువ చేయవద్దు. ఆయన లేకపోతే పాడటానికి పందిరే ఉండదు. పాట విషయంలో ఆయన సలహా అడగవద్దు. ఈ రెండూ గుర్తుంచుకుంటే చాలు.

మెట్టు దించిన సంగతి

మొదటినుంచీ ఆ వాన పాటను నాలుగు శ్రుతిలో, అంటే హార్మోనియం మీద నాలుగో తెల్ల మెట్టును సా చేసుకుని, పాడేవాళ్ళం. 1979లో "వాన" దగ్గర దేవదానం గొంతు చీలింది. ఆ రోజు జలుబన్నాడు. మరుసటి సభలో మళ్ళీ చీలింది. మూడో సభకు నేను హార్మోనియం మీద ఒక్క మెట్టు దిగి, మూడు శ్రుతిలో పాట ఎత్తించాను. గొంతు హాయిగా నిలిచింది. నేను ఏమీ అనలేదు. దేవదానమూ ఏమీ అనలేదు. రెండేళ్ళకు మూడు శ్రుతి కూడా ఆయనకు ఎత్తయింది. మరొక మెట్టు దిగి, రెండుకూ మూడుకూ నడుమనున్న నల్ల మెట్టుకు, రెండున్నరకు వచ్చాను.

పై గొంతుకు సులువైన కొద్దీ కింది గొంతుకు కష్టమవుతుంది. ఇది చిన్నపిల్లలకు కూడా తెలిసిన లెక్క. 1981 ఫిబ్రవరి 22న పుంగనూరు సభ ముగిశాక బస్టాండు దగ్గర టీ అంగట్లో గంగులప్ప నన్ను నిలదీశాడు.

"అయ్యోరా, నా కింద నేల ల్యాకుండా పోతాండాది."

"మైకు సెట్టు కొత్తది గంగులప్పా. శ్రుతి తగ్గిస్తే బాగా పలుకుతుందని..."

"మైకుకేం రోగమప్పా? ముందు నాలుగు. ఆమీట మూడు. ఈ పొద్దు రెండున్నర. ఇంగా ఒక మెట్టు దిగితివంటే నేను బావిలో దిగి పాడాల. తాడు పట్టుకునేదానికి మనిషిని గూడా నువ్వే పిలుసుకో."

"కొన్నాళ్ళు ఓర్చుకో."

"ఓర్చుకునేది కాదు గదా ఇది. కింది సా నాకు పలకల్యా. నోరు ఆడిస్తాండా, అంతే. జనం నేను పాడతాండాననుకుంటాండారు. దేవదానమన్నకు యాల చెప్పవు?"

"ఎట్లా చెప్పమంటావు?"

"పెట్టె నీ దగ్గరుండాది. నాలుగులో వాయించు. ఆయప్పకే తెలుస్తాది."

నేను నాలుగులో వాయించలేదు. ఆ నెలాఖరు నుంచి గంగులప్ప రావడం మానేశాడు. ఎవరి వెనకా నిలబడలేదు. నిలబడటానికి ముందు కొత్త బేస్ ఒకడు ఉండాలి గదా.

బేస్ కోసం వెతుకులాట

తర్వాతి మూడేళ్ళలో ముగ్గుర్ని పెట్టాను. మొదటివాడు పోలీసు కానిస్టేబులు. గొంతు పెద్దది, లోతు లేదు. అతడు పాడుతుంటే ముందు వరుసలోవాళ్ళు సర్దుకుని కూర్చునేవారు. రెండోవాడు వకీలు గుమాస్తా. జలుబు చేసినప్పుడు మాత్రం అతనికి అద్భుతమైన బేస్ పలికేది. ఏడాదిలో మూడు నెలలు పనికొచ్చాడు. మూడోవాడు వచ్చిన రెండో వారమే, "ఇంత కింద పాడేది మనుషులు చేసే పని కాదు సార్" అని చెప్పి వెళ్ళిపోయాడు. ముగ్గురిలో పాట తెలిసినవాడు అతడే.

ఒక గొంతును కాపాడటానికి మరొక గొంతును తప్పు పట్టి, మనుషుల్ని మారుస్తూ పోతే బృందం కుదుటపడదు. స్థానం ఖాళీ అయినప్పుడల్లా, ఆ స్థానంలోనే లోపముందా, పక్క స్థానంలో ఉందా అని ముందు చూడండి.

నా ముందున్న లెక్క ఇది. దేవదానం ఉంటే బేస్ నిలవదు. దేవదానం తప్పుకుంటే జనం రారు, జనం రాకపోతే కమిటీ పిలవదు. ఈ రెండూ గాక ఇంకొకటి ఉంది. పన్నెండేళ్ళుగా ప్రతి శనివారం రిహార్సలు అయ్యాక మేమిద్దరం ఆస్పత్రి గేటుదాకా కలిసి నడిచేవాళ్ళం. ఆయన గొంతు పోయిందని చెప్పిన శనివారం ఆ నడక ఉండదని నేను అనుకున్నాను.

కృపమ్మ చెప్పినది

కృపమ్మ పుంగనూరు మనిషి, అదే ఆస్పత్రిలో నర్సు. 1980లో రెండో గొంతుగా చేరింది. బృందంలో మొదటి ఆడమనిషి. 1984 జనవరి 7, శనివారం రిహార్సలులో నేను హార్మోనియం పెట్టె మీద రెండు శ్రుతిలో పాట ఎత్తాను. కృపమ్మ పాడకుండా చేతులు కట్టుకుంది.

"ఏమ్మా?" అన్నాను.

"ఇంగొక మెట్టు దించితిరా అయ్యోరా?" అని, నా జవాబు కోసం ఆగకుండా దేవదానం వైపు తిరిగింది. "అన్నా, మీ పై గొంతు పోయుండాది. ఈ పొద్దు పోయింది కాదు. ఐదేండ్లుగా అయ్యోరు పెట్టె దించి దాస్తాండాడు. గంగులప్పన్న అందుకే మానుకునింది."

దేవదానం హార్మోనియం తిత్తి మీద చేయి వేసి మెల్లగా మూశాడు.

"నాకు తెలీదనుకుంటివా పాపా?"

"తెలిసీ యాల పాడతాండారన్నా?"

"ఎవురూ చెప్పకపోతిరి. ఇంతమంది పాటుపడి దాస్తాంటే, నేను బయటపెడితే మీకు మర్యాదగా ఉండదని ఊరకుంటిని." తర్వాత నా వైపు చూశాడు. "నువ్వు బాగా వాయించినావప్పా. ఒక్కోసారి నాకే అనుమానం వచ్చేది, గొంతు తిరిగొచ్చిందేమోనని."

నేను గదికి వేయవలసిన తాళం కప్ప కోసం వెతికాను.

దేవదానం అప్పుడే తీర్పు చెప్పేశాడు. మొదటి గొంతు కృపమ్మది. పాట మళ్ళీ నాలుగు శ్రుతిలో. మదనపల్లె, పుంగనూరు, కుప్పం సభల్లో ఆయన ఆమె వెనక నిలబడతాడు.

సోమవారం ఉదయం ఆయన మదనపల్లె బస్టాండులో గంగులప్ప బస్సు ఎక్కాడట. ఈ సంగతి గంగులప్పే నాకు చెప్పాడు.

"యాడికన్నా టికెట్టు?"

"నాలుగు శ్రుతికి."

"ఆ రూట్లో బస్సు నిలిపేసి మూడేండ్లాయ గదన్నా."

"మళ్ళా ఏసినారు. కృపమ్మ తోలతాండాది."

గంగులప్ప పుంగనూరుకు టికెట్టు చించి చేతికిచ్చి, పైసలతో సహా సొమ్ము తీసుకున్నాడు. శనివారం రిహార్సలుకు అందరికంటే ముందు వచ్చి కూర్చున్నాడు.

ప్రకాశం అయ్యగారు ఒప్పుకోలేదు. దేవదానాన్ని, కృపమ్మను, నన్ను తమ వరండాలో నిలబెట్టి చాలాసేపు మాట్లాడారు.

"ఆడమనిషి పాట ఎత్తితే రైతులు కూర్చోరమ్మా. వాళ్ళ సంగతి నీకు తెలియదు."

"ఎందుకు తెలీదయ్యగారూ? వార్డులో వాళ్ళంతా నేను పండుకోమంటే పండుకుంటాండారు, లెయ్యమంటే లేస్తాండారు. కూర్చోమంటే కూర్చోరా?"

"నోటీసులు అచ్చయిపోయాయి. కుప్పంలో గోడలన్నిటికీ అంటించారు. దేవదానం పాడును అని ఉంది."

"అయితే ఆడికొచ్చి నిలబడతా గదయ్యా," అన్నాడు దేవదానం. "పాడును అన్నదాన్ని కొట్టేసి నిలబడును అని రాయించండి. రెండక్షరాలే జాస్తి."

అధ్యక్షులవారు నవ్వలేదు. కుప్పంలో జనం లేచిపోతే వచ్చే ఏడాది బృందం ఉండదని స్పష్టంగా చెప్పారు. ఆయన మాట తప్పే మనిషి కాదు.

కుప్పం

మదనపల్లెలో దేవదానం కృపమ్మ వెనక నిలబడి మెల్లగా పాడాడు. జనం ఇద్దరూ పాడుతున్నారనుకున్నారు. పుంగనూరులో కూనిరాగం తీశాడు. గొంతు బాగాలేదేమో అనుకున్నారు. కుప్పం సభ మార్చి 11న. అక్కడ అనుకోవడానికి ఏమీ మిగల్లేదు.

కుప్పం జనం మూడు భాషల్లో మాట్లాడతారు, మూడింటిలోనూ ఎగతాళి చేస్తారు. కృపమ్మ ముందుకు వచ్చి మైకు సర్దుకోగానే పందిరి కుడివైపు నుంచి ఒకాయన లేచాడు.

"ఏందప్పా ఇది? నోటీసులో ఆయప్ప, మైకు కాడ ఈయమ్మా?"

"దేవదానమన్నా, నువ్వు పాడప్పా! మేము వి.కోట నుంచి వచ్చిండాము!"

"పాడేదానికి కాదేమోలే. కాపలాకు పెట్టుకోనుండారు!"

నవ్వులు. ముందు వరుసలో కూర్చున్న ప్రకాశం అయ్యగారు దేవదానం వైపు చేయి ఎత్తి, కానివ్వమన్నట్టు సైగ చేశారు. రెండోసారి సైగ చేశారు. దేవదానం ఆయనకు వినయంగా నమస్కారం పెట్టి, మళ్ళీ చేతులు వెనక్కు కట్టుకున్నాడు.

కృపమ్మ వెనక్కు తిరిగి చూడలేదు. నాకు మాత్రం వినపడేట్టు, "పెట్టండయ్యోరా, నాలుగు," అంది. పెట్టాను.

మొదటి చరణానికే పందిరి చివరి వరుసలు లేవడం మొదలుపెట్టాయి. మెట్ల మీద వేళ్ళు కదుపుతూనే నేను అటు చూశాను. చూడకూడదని కొత్తవారికి చెప్పేవాణ్ణి. రెండో చరణంలో కృపమ్మ "వాన" అనే మాటకు ఎగసింది. ఆమె గొంతు దేవదానం గొంతులా లేదు. ఆయనది వంగి పైకి పోయేది. ఆమెది నిటారుగా నిలిచింది. కింద గంగులప్ప తన కింది సా పట్టుకున్నాడు. మూడేళ్ళుగా మా పాటకు అడుగు లేదన్న సంగతి అది తిరిగి వచ్చినప్పుడు తెలిసింది. నా కుర్చీ నుంచి దేవదానం కనిపిస్తున్నాడు. ఆయన మెడ మీది నరం ఉబ్బింది, పెదవులు బిగుసుకున్నాయి. శబ్దం రాలేదు. పాట ముగిసేదాకా రానీయలేదు.

లేచినవాళ్ళలో కొందరు నిలబడినచోటే నిలబడ్డారు. కొందరు పోయారు. చప్పట్లు లేవు. మేము తరువాతి పాటకు పోయాం.

సభ అయ్యాక వి.కోట మనిషి నేరుగా వేదిక దగ్గరికి వచ్చాడు.

"అంత దూరం నుంచి వస్తిమి గదన్నా. ఒక్క మాటన్నా పాడకపోతివి. యాల?"

"ఈ పొద్దు నాకు నిలబడే పని ఇచ్చినారప్పా," అన్నాడు దేవదానం. "పాట ఎట్లుండాది?"

"ఆయమ్మ బాగానే పాడింది. నీ మాదిరి కాదు."

"నా మాదిరి నేను గూడా ఐదేండ్లుగా పాడల్యా," అన్నాడు దేవదానం. వి.కోట మనిషి దాన్ని పెద్దల వినయం కింద జమకట్టి వెళ్ళిపోయాడు.

పోయినవి, మిగిలినవి

పోయినవి ఇవి. ఆనాటి కుప్పం పందిట్లో నా అంచనాకు మూడోవంతు జనం. ఆ తర్వాతి ఏడాది కుప్పం సభ. ప్రకాశం అయ్యగారు అన్న మాట ప్రకారం అక్కడికి వేరే బృందాన్ని పిలిచారు. మా బృందాన్ని మాత్రం రద్దు చేయలేదు, ఆ వేరే బృందంలో నిజంగా పాడినవారు ఎంత తక్కువో కళ్ళారా చూసివచ్చాక. గంగులప్ప లేకుండా పాడిన మూడేళ్ళు. దేవదానం పై గాంధారం. నోటీసుల మీది పెద్ద అక్షరాలు.

మిగిలినవి ఇవి. నాలుగు శ్రుతి. కింది సా. మూడు సభలు వెనక నిలబడే ఆచారం. 1989లో నా స్థానానికి వచ్చిన అమ్మాయి వెనక నేను మూడోసారి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నప్పుడు దాని బరువెంతో తెలిసింది. కృపమ్మ, మరి ఐదేళ్ళు. గంగులప్ప, కండక్టరు ఉద్యోగం ముగిసి బస్సు దిగేదాకా.

కుప్పం నుంచి తిరిగివచ్చిన వారం, మార్చి 17, శనివారం, రిహార్సలు అయ్యాక నేను కావాలనే హార్మోనియం తుడుస్తూ ఆలస్యం చేశాను. బయటికి వచ్చేసరికి దేవదానం గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని నిలబడి ఉన్నాడు. "ఎంతసేపప్పా?" అన్నాడు. ఆస్పత్రి గేటుదాకా నడిచాం. దీన్ని మిగిలినవాటిలో చివర రాస్తున్నాను గాని, ఐదేళ్ళపాటు నేను మెట్టు దించింది ఈ నడక పోతుందనే భయంతో.